నేను రాయించిన లిఫ్ట్ రిపోర్టు

కోవిడ్ ఆంక్షలు పూర్తిగా ఎత్తేసిన మరుసటి ఏడాది. బుకిట్ బటోక్‌లో ట్రైన్ స్టేషన్‌కి పది నిమిషాల నడకలో ఒక పాత భవనం ఉండేది. కింద కాఫీషాపు, మొదటి అంతస్తులో పళ్ళ డాక్టరు, రెండో అంతస్తులో మా ట్రైనింగ్ సెంటర్. ఆదివారం పొద్దున తొమ్మిదిన్నర నుంచి పన్నెండున్నర దాకా అక్కడ నా క్లాసు. దాని పేరు వర్క్‌ప్లేస్ రైటింగ్. అంటే పనిచేసే చోట అవసరమయ్యే ఇంగ్లీషు రాత: రిపోర్టులు, మెసేజులు, సెలవు చీటీలు. వారానికి ఆరు రోజులు పనిచేసి, ఉన్న ఒక్క సెలవునూ నా ఎదురుగా బెంచీల మీద గడిపేవాళ్ళు నా విద్యార్థులు. అందుకని ఆ క్లాసుకి నేను ఏనాడూ ఆలస్యంగా వెళ్ళలేదు. ఈ ఉద్యోగంలో నా గురించి నేను ధైర్యంగా చెప్పుకోగలిగిన సంగతుల్లో అదొకటి. అప్పలనాయుడి సంగతి చెబితే, చెప్పుకోలేనిది కూడా ఒకటి బయటపడుతుంది.

నాది తెనాలి. అక్కడ ఒక జూనియర్ కాలేజీలో తొమ్మిదేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. మావారికి సింగపూర్‌లో బ్యాంకు ఉద్యోగం రావడంతో సెంగ్‌కాంగ్‌లో కాపురం పెట్టాం. తెనాలిలో నాకున్న పేరంతా మోడల్ ఆన్సర్ల వల్ల వచ్చిందే. లెటర్ రైటింగ్‌కి ఒక నమూనా, రిపోర్ట్ రైటింగ్‌కి ఒక నమూనా రాసిచ్చేదాన్ని. పిల్లలు బట్టీ పట్టేవాళ్ళు. పరీక్షలో ఊరు పేరూ తేదీ మార్చి దించేసేవాళ్ళు, మార్కులు పడేవి. "వసంత మేడమ్ మోడల్ ఉంటే పాసు గ్యారంటీ" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడితే మొహం తిప్పుకునేదాన్ని గాని, లోపల పొంగిపోయేదాన్ని. విమానం ఎక్కినప్పుడు నాతో పాటు ఆ అలవాటు కూడా ఎక్కింది.

ఇంగ్లీషు క్రియ గురించి మనవాళ్ళకి చెప్పేటప్పుడు నాకొక కష్టం ఎప్పుడూ ఎదురయ్యేది. ఇంగ్లీషులో క్రియ కదిలిందంటే కాలం చెప్పాల్సిందే. దాన్నే టెన్స్ అంటాం. పని పూర్తయిందా, నడుస్తోందా అన్నది కూడా చెప్పాలి. దాన్ని యాస్పెక్ట్ అంటాం. తెలుగులో కూడా ఇవన్నీ ఉన్నాయి, మనకేం తక్కువ లేదు. కాని మనం భూతకాలాన్ని చాలా ధారాళంగా వాడేస్తాం. ఇంకా ఇంట్లో చెప్పులు వెతుక్కుంటూ ఫోన్లో "వచ్చేశాను" అంటాం. కూర పొయ్యి మీద ఉండగానే "అయిపోయింది, కూర్చోండి" అంటాం. అవతలివాళ్ళకీ ఆ సంగతి తెలుసు కాబట్టి ఎవరికీ నష్టం లేదు. క్లాసులో ఈ ఉదాహరణలు చెబితే తెలుగువాళ్ళంతా నవ్వేవాళ్ళు. నవ్వనివాడు ఒక్కడే ఉండేవాడు.

అప్పలనాయుడిది శ్రీకాకుళం జిల్లా. నలభైకి దగ్గరపడ్డ మనిషి. సింగపూర్ వచ్చి పదకొండేళ్ళు. లిఫ్టులు సర్వీసు చేసే ఒక కంపెనీలో టెక్నీషియన్. బిషాన్, బుకిట్ బటోక్ వైపు ఉన్న ఫ్లాట్ల బ్లాకుల్లో లిఫ్టులు అతని టీముకి అప్పగించారు. నెలకొకసారి ప్రతి లిఫ్టునీ ఆపి, పైనున్న మెషీన్ రూమ్ నుంచి అడుగున గొయ్యి దాకా చూడాలి. ఆ గోతిని పిట్ అంటారని అతనే నాకు చెప్పాడు. అంతకుముందు అట్టమీద టిక్కులు పెడితే సరిపోయేది. ఆ ఏడాది కంపెనీ ఫోనులో యాప్ పెట్టింది. ఇక నుంచి రిపోర్టు వాక్యాల్లో రాయాలి, అది బ్లాకుల నిర్వాహకులకి కూడా వెళుతుంది అన్నారు. పదకొండేళ్ళలో ఒక్క ఫిర్యాదు లేని మనిషికి అక్కడ చిక్కొచ్చి పడింది.

మొదటి రోజు అతను నాకు చూపించిన రిపోర్టు ఇప్పటికీ గుర్తుంది. ఫోను నాకిచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. అందులో ఇలా ఉంది: "డోర్ రోలర్ చేంజ్ ఆల్రెడీ. పిట్ క్లీన్ ఫినిష్. బ్రేక్ ఐ యామ్ నాట్ సీ, టైమ్ నో. టుమారో మార్నింగ్ ఐ విల్ సీ."

"నాయుడు గారూ, నాలుగు ముక్కల్లో మూడు టెన్సులున్నాయి" అన్నాను.

"అవునండి మేడమ్. మా మేనేజరు లిమ్ సారు కూడా అదే అన్నాడండి. డన్ ఆర్ నాట్ డన్, ఐ డోంట్ నో లా అని తిట్నాడండి. మూడు నెల్ల టైమిచ్చినాడు. రిపోర్టు బాగు సేసుకుంటే లీడ్ టెక్నీషియన్ పోస్టు నాదే. నేకపోతే ఈసారి కాంట్రాక్టు రెన్యువల్ కూడా సెప్పలేనన్నాడు."

ఇక్కడివాళ్ళు మాట చివర లా, లే అని ఊతపదాలు తగిలిస్తారు. "ఇక్కడ లీడ్ అంటే ఏం చేయాలి?" అన్నాను.

"ఏటుంది మేడమ్, ఇప్పుడు సేస్తన్న పనేనండి. కాపోతే సంతకం నాది పడతాది."

అతనితో పాటు అదే కంపెనీ నుంచి మరో ముగ్గురు వచ్చారు, ఇద్దరు తమిళులు, ఒక బంగ్లాదేశ్ అబ్బాయి. నలుగురి ఫీజూ కంపెనీదే. కంపెనీ పంపిన బ్యాచ్ అంటే మా సెంటర్ డైరెక్టరుకి మహా గౌరవం. "మేడమ్ వసంతా, ఈ కంపెనీ సంతోషంగా ఉండాలి" అని నాకు రెండుసార్లు చెప్పాడు. ఉండకేం, అనుకున్నాను. నా దగ్గర మోడల్ ఉంది కదా.

మూడో వారం ఆ మోడల్ బోర్డు మీద రాశాను. మొత్తం ఏడు వాక్యాలు. అన్నీ పాస్ట్ టెన్స్, అన్నీ ప్యాసివ్ వాయిస్. అంటే ఎవరు చేశారన్నది చెప్పకుండా, పని జరిగింది అని మాత్రం చెప్పే పద్ధతి. ఆఫీసు రాతల్లో దానికి మర్యాద ఎక్కువ. "ద మెషీన్ రూమ్ వాజ్ ఇన్‌స్పెక్టెడ్" అని మొదలవుతుంది. మూడో వాక్యం, "ద బ్రేక్ వాజ్ చెక్డ్." ఏడోది, "ద లిఫ్ట్ వాజ్ టెస్టెడ్ అండ్ రిటర్న్డ్ టు సర్వీస్." మెషీన్ రూమ్ చూడబడింది, బ్రేక్ పరీక్షించబడింది, లిఫ్టు మళ్ళీ నడపబడింది. లిఫ్టుల గురించి ఓనమాలు రాని నేను, నాయుడు చెప్పిన పనుల జాబితాకి ఇంగ్లీషు చొక్కా తొడిగాను. చూసుకుని మురిసిపోయాను కూడా.

"బ్లాక్ నంబరు, లిఫ్ట్ నంబరు, తేదీ మార్చుకోండి చాలు. మిగతాది కామాతో సహా నోటికి రావాలి" అన్నాను.

అందరూ రాసుకున్నారు. నాయుడు రాసుకుని చెయ్యెత్తాడు.

"మేడమ్, ఒక డౌటండి. బ్రేక్ సూడ్డానికి టైము దొరకనేదనుకోండి. ఏరే కాడ బ్రేక్‌డౌన్ వొచ్చి మద్దిలో పరిగెత్తాలి. అప్పుడీ మూడో వాక్యం ఏటి సెయ్యాల?"

మంచి ప్రశ్న. ఇప్పుడు అనుకుంటున్నాను మంచి ప్రశ్న అని. ఆ రోజు గడియారం పన్నెండూ ఇరవై చూపిస్తోంది. సిలబస్ కాగితంలో నెగటివ్ ఫారమ్స్, అంటే చేయలేదు, చూడలేదు అని రాసే పద్ధతి, ఏడో వారంలో ఉంది.

"అది ఏడో వారంలో వస్తుంది నాయుడు గారూ. ముందు ఈ ఏడూ నోటికి రానివ్వండి. మధ్యలో ఒకటి తీసేస్తే వరస పోతుంది" అన్నాను.

"అలాగేనండి మేడమ్" అన్నాడు.

నాలుగో వారానికల్లా లిమ్ గారి నుంచి నాకు మెసేజ్ వచ్చింది. ఇక్కడ టీచరుని ముద్దుగా చెర్ అంటారు. "థాంక్స్ చెర్, రిపోర్ట్స్ నౌ సూపర్ క్లీన్" అని, పక్కన బొటనవేలి బొమ్మ. దాన్ని డైరెక్టరుకి పంపాను. మావారికి చూపించాను. సెంగ్‌కాంగ్ ఎల్‌ఆర్‌టీ రైల్లో కూర్చుని నేనే మరో రెండుసార్లు చూసుకున్నాను.

ఆరో వారం ముగిసి ఏడో ఆదివారం వచ్చింది. నేను తొమ్మిదింటికి వెళ్ళేసరికి నాయుడు మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోలేదు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఒక కాగితం. కంపెనీ ఇచ్చిన షో కాజ్ నోటీసు. నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో రాసిమ్మని అడిగే ఉత్తరం అది.

క్లాసు గదిలో కూర్చోబెట్టి అడిగితే సంగతి చెప్పాడు. గురువారం పొద్దున బుకిట్ బటోక్‌లో ఒక బ్లాకులో లిఫ్టు ఎనిమిదో అంతస్తులో ఆగింది. ఆగడం సరిగ్గా గచ్చుకి సమంగా ఆగలేదు, బెత్తెడు కిందికి ఆగింది. మార్కెట్ నుంచి తోపుడు సంచీ లాక్కుంటూ వస్తున్న ఒక పెద్దావిడ బయటికి అడుగు వేయబోయి, గచ్చు అంచు తగిలి పడింది. మణికట్టు విరిగింది. తర్వాత చూస్తే బ్రేక్ అరిగి ఉంది. అంతకు రెండు రోజుల ముందే ఆ లిఫ్టు సర్వీసయింది. రిపోర్టు నాయుడిదే. బ్రేక్ పరీక్షించబడింది అని ఉంది.

"మీరు చూశారా, చూడలేదా?" అన్నాను.

"సూడ్నేదు మేడమ్."

"మరి?"

"ఆ దినం బిషాన్‌లో లిఫ్టులో మనుషులు ఇరుక్కుపోనారని ఫోనొచ్చినాది. పసిపిల్లతో తల్లుందన్నారు. పరిగెత్తినాను. రిపోర్టు సాయంత్రం ఆరులోగా పంపాల. పంపీసినాను. మర్నాడు పొద్దున్నే డ్యూటీకి ముందరొచ్చి సూసీద్దామనుకున్నాను. అంతకుముందు కూడా రెండు మూడు సార్లు అలాగే సేసినాను మేడమ్, మిగిలిపోయినవన్నీ మర్నాడు ఎల్లి సూసీసేవోణ్ణి. రాసినమాట అబద్దం అవకూడదని. ఆ మర్నాడు మాత్రం ఏరే సైటుకి లారీ ఎక్కించీసినారు."

అంతా చదువు చెప్పించుకునే గొంతుతోనే చెప్పాడు. తర్వాత నోటుబుక్కు తీసి, పెన్ను క్యాప్ విప్పాడు.

"నాను బ్రేక్ సూడలేదు అని ఇంగ్లీసులో ఎలా రాయాల మేడమ్? తప్పుల్లేకుండా రాసియ్యండి. మంగళారం ఎంక్వయిరీ."

ఏడో వారం పాఠం అదే. నా సంచీలో ఆ పాఠం కాగితాలు ఉన్నాయి, ఇరవై కాపీలు, అప్పుడే జిరాక్స్ చేయించుకుని వచ్చాను. ఐ డిడ్ నాట్ చెక్. నాలుగు ముక్కల పాఠం. మూడో వారమే చెప్పి ఉంటే ఐదు నిమిషాలు పట్టేది.

"చూడకుండా చూశామని ఎందుకు రాశారు నాయుడు గారూ? మీరు అలా రాసే మనిషి కాదే" అన్నాను. అడిగాక, నా గొంతులో కోపం నాకే వినబడింది.

 అతను నోటుబుక్కు వెనక్కి తిప్పి మూడో వారం పేజీ తెరిచి నా ముందు పెట్టాడు. చూపించి నిలదీయడానికి కాదు, నేను అడిగాను కాబట్టి. ఏడు వాక్యాలూ ముత్యాల్లాంటి అక్షరాలతో ఉన్నాయి. వాటి కింద తెలుగులో రాసుకున్నాడు: "ఒక్కటి కూడా తియ్యరాదు. వరస పోతుంది. మేడమ్ చెప్పినారు."

సిగ్గేసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయని చెప్పడం తేలిక, కాని తిరగలేదు.  పదిమందిలో తప్పు చేసి పట్టుబడిన పిల్లలా ఉంది నాకు.

"మీరు తప్పు సెప్పనేదు మేడమ్. నాకే రాయడం రాదు" అన్నాడతను.

మిగతావాళ్ళు రావడం మొదలైంది. క్లాసు చెప్పాను. ఏం చెప్పానో గుర్తులేదు.

ఇంటికి వెళ్ళి అన్నం ముందు కూర్చుని మావారికి చెబితే, "నువ్వేం లిఫ్టు ఇంజనీరువా, నీకేం సంబంధం? సెంటర్ కాంట్రాక్టులో కూడా ఉందిగా, కంపెనీల దగ్గరికి నేరుగా వెళ్ళకూడదని" అన్నారు. అదీ నిజమే. ట్రైనరు క్లయింటుతో నేరుగా మాట్లాడకూడదన్నది రాతపూర్వకమైన నిబంధన. అప్పటికి మా అమ్మాయికి పదిహేనేళ్ళు. ఇక్కడే పెరిగిన పిల్ల, నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిచ్చే రకం. ఫోన్లోంచి తల కూడా ఎత్తకుండా అంది:

"అమ్మా, హి ఆస్క్‌డ్ యు వాట్. యు నెవర్ ఆన్సర్. మస్ట్ గో లా."

ఆయన అడిగాడు, నువ్వు జవాబు చెప్పలేదు, వెళ్ళాల్సిందే అని. పదిహేనేళ్ళ పిల్ల వ్యాకరణం ఎలా ఉన్నా మాటలో వంక లేదు.

మంగళవారం సెలవు పెట్టి వెళ్ళాను. కంపెనీ ఆఫీసు ఒక ఇండస్ట్రియల్ బిల్డింగులో ఉంది. రిసెప్షన్‌లో నాయుడు ఇస్త్రీ చొక్కా వేసుకుని కుర్చీ అంచున కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి గభాలున లేచాడు.

"మీరెందుకొచ్చినారు మేడమ్? మీ ఉజ్జోగానికేటైనా అయితే?"

"కూర్చోండి" అన్నాను. 

లిమ్ గారిని చూడటం అదే మొదలు. యాభై దాటిన మనిషి, కళ్ళజోడు నుదుటి మీద. "చెర్, దిస్ ఒన్ ఇంటర్నల్ మ్యాటర్ లే" అన్నాడు. ఇది మా లోపలి వ్యవహారం అని. అయిదు నిమిషాలు చాలన్నాను. నాయుణ్ణి అడిగి తెచ్చుకున్న నోటుబుక్కు టేబుల్ మీద పెట్టి, ఆ ఏడు వాక్యాలూ నావనీ, చూడకపోతే ఏం రాయాలని అతను నన్ను అడిగాడనీ, ఏ వాక్యమూ తీయవద్దని నేనే చెప్పాననీ చెప్పాను. అబద్ధం ఆడే మనిషి అయితే ఆ ప్రశ్న అడిగేవాడే కాదన్నాను.

లిమ్ వెనక్కి ఆనుకుని నన్ను చూశాడు.

"సో యువర్ ఇంగ్లీష్ స్పాయిల్ మై లిఫ్ట్, ఈజ్ ఇట్?"

"నో. బట్ మై ఇంగ్లీష్ హిడ్ ఇట్" అన్నాను. మీ లిఫ్టుని నేను పాడుచేయలేదు గాని, పాడైన సంగతి కప్పిపెట్టింది మాత్రం నా ఇంగ్లీషే.

అతను వాదించలేదు. కంప్యూటరు తెర నా వైపు తిప్పి రిపోర్టులు తెరిచాడు. నాయుడిది మొదట. తర్వాత మిగతా ముగ్గురివి. ఒకటి తర్వాత ఒకటి తెరుస్తూ పోయాడు. వేరే బ్లాకులు, వేరే తేదీలు, వేరే మనుషులు. లోపల మాత్రం నా ఏడు వాక్యాలే, నేను పెట్టిన కామాతో సహా. ద బ్రేక్ వాజ్ చెక్డ్. ద బ్రేక్ వాజ్ చెక్డ్. ద బ్రేక్ వాజ్ చెక్డ్. ఒక బెత్తెడు తేడాకి ఒక ముసలావిడ చెయ్యి విరిగింది. ఆ తెర మీదున్న లిఫ్టులన్నిట్లో ఎన్నిటికి నిజంగా బ్రేకు చూశారో నాకు తెలియదు. లిమ్‌కీ తెలియదు. అతని మొహం చూస్తే ఆ సంగతి అప్పుడే తట్టిందని అర్థమైంది. 

"వాజ్ చెక్డ్" అన్నాడు తనలో తను. "హూ చెక్?"

తర్వాత అతను పాత రిపోర్టుల్లోకి వెళ్ళాడు, నాయుడు నా క్లాసుకి రాకముందువి. బ్రేక్ ఐ యామ్ నాట్ సీ. టుమారో మార్నింగ్ ఐ విల్ సీ. దాని కిందే మర్నాటి తేదీతో మరొకటి: బ్రేక్ సీ ఆల్రెడీ. లైనింగ్ లిటిల్ బిట్ గాన్. నెక్స్ట్ మంత్ మస్ట్ చేంజ్. బ్రేక్ పట్టీ కాస్త అరిగింది, వచ్చే నెల మార్చాలి అని. లిమ్ కళ్ళజోడు కిందికి దించుకుని చదివాడు. అప్పట్లో వీటికే అతను నాయుణ్ణి తిట్టాడు.

"దిస్ ఒన్ రుబ్బిష్ ఇంగ్లీష్" అన్నాడు చివరికి. "బట్ ఐ నో విచ్ లిఫ్ట్ నాట్ యెట్." చెత్త ఇంగ్లీషే గాని, ఏ లిఫ్టు పని ఇంకా కాలేదో నాకు తెలిసేది అని.

నాయుణ్ణి లోపలికి పిలిచారు. నేను బయట కూర్చున్నాను. లోపల ఏం మాట్లాడుకున్నారో తర్వాత నాయుడు చెప్పాడు. ఎవరి మీదా ఏమీ నెట్టలేదట. "ఐ డిడ్ నాట్ చెక్ ద బ్రేక్. ఐ సెంట్ ద రిపోర్ట్" అని రెండే ముక్కలు చెప్పాడట. ఆదివారం క్లాసులో ఏం చెప్పానో నాకు గుర్తులేదు గాని, అతను నేర్చుకున్నాడు.

అంతా సుఖాంతమైందని చెప్పలేను. ఆ వారమంతా వేరే పనులు ఆపి, ఆ నలుగురూ రిపోర్టు రాసిన లిఫ్టులన్నిటికీ బ్రేకులు మళ్ళీ చూశారు. మరో రెండు అరిగినవి దొరికాయి. నాయుడికి వార్నింగ్ లెటర్ వచ్చింది. లీడ్ టెక్నీషియన్ పోస్టు ఆ ఏడాది ఇంకొకరికి వెళ్ళింది. కాంట్రాక్టు మాత్రం రెన్యువల్ చేశారు. యాప్‌లో "పూర్తి కాలేదు" అని ఒక గడి కొత్తగా పెట్టించాడట లిమ్. అది నింపినవాణ్ణి తిట్టకూడదని కూడా చెప్పాడట, ఆ రెండోది ఎంతకాలం పాటించాడో తెలియదు. మా డైరెక్టరు నన్ను పిలిచి పావుగంట చీవాట్లు పెట్టాడు. ఆ కంపెనీ మా సెంటరుకి ఇంకో బ్యాచ్ పంపలేదు. నిబంధన మీరినందుకు నా ఫైల్లో ఒక కాగితం చేరింది. ఆ కాగితం న్యాయమైనదే.

పెద్దావిడ చెయ్యి నెలన్నరకి అతుక్కుంది. కట్టు విప్పేదాకా ప్రతి ఆదివారం క్లాసుకి ముందు నాయుడు మార్కెట్‌కి వెళ్ళి ఆవిడ సంచీ మోసుకొచ్చి ఇంటి గుమ్మంలో పెట్టేవాడని మిగతావాళ్ళ ద్వారా తెలిసింది. ఆవిడకి ఇంగ్లీషు రాదు, ఇతనికి చైనీస్ రాదు. ఏ టెన్సూ అవసరం లేకుండానే వాళ్ళ వ్యవహారం సాగింది.

తర్వాత నేను నా సిలబస్ కాగితం తిరగరాశాను. నెగటివ్ ఫారమ్స్ ఇప్పుడు మొదటి వారం. నాట్ యెట్ అనే మాటతో క్లాసు మొదలవుతుంది. మోడల్ రిపోర్టు మానేశాను. మానేశానని తేలిగ్గా రాస్తున్నాను గాని, మొదటి రెండు బ్యాచ్‌లకి చెయ్యి దురద పెట్టింది. ఎవరైనా "మేడమ్, ఒక మోడల్ ఇవ్వండి, బట్టీ పట్టేస్తాం" అంటే, "నువ్వు నిన్న చేసిన పని చెప్పు, అదే రాద్దాం" అంటాను. వాళ్ళకది నచ్చదు. ఫలితాలు కూడా మునుపటిలా చూడముచ్చటగా ఉండవు. రిపోర్టులో తప్పు కనబడితే ఎర్రపెన్ను తీసేముందు ఒక ప్రశ్న అడగడం అలవాటు చేసుకున్నాను: ఇది జరిగిందా? కాలం సరిదిద్దడం నాకు వచ్చు. జరిగిందో లేదో మాత్రం ఆ మనిషికే తెలుసు. ఇరవై ఏళ్ళు టెన్సులు చెప్పి కూడా ఈ చిన్న సంగతి నేను పట్టించుకోలేదు. మార్కులు వేసేవాళ్ళకి అది అక్కర్లేదు కాబట్టి నాకూ అక్కర్లేకపోయింది.

మరుసటి ఏడాది వర్షాకాలంలో ఒక సాయంత్రం నాయుడి నుంచి మెసేజ్ వచ్చింది. ఈసారి లీడ్ పోస్టుకి మళ్ళీ తన పేరు అడిగారని, రిపోర్టులు జాగ్రత్తగా చూస్తున్నారని రాసి, పంపబోయే రిపోర్టు కింద పెట్టాడు. "తప్పులుంటే దిద్దండి మేడమ్" అన్నాడు. చివరి రెండు వాక్యాలు ఇలా ఉన్నాయి: "బ్రేక్ నాట్ యెట్ చెక్. టుమారో మార్నింగ్ ఐ కమ్ అండ్ చెక్."

రెండిట్లోనూ తప్పులున్నాయి. వేలు ఫోను మీదికి వెళ్ళింది, ఆగాను. "రేపు వెళతారా?" అని అడిగాను.

"ఎల్తాను మేడమ్" అని వచ్చింది.

అప్పుడు దిద్ది పంపాను.

మర్నాడు పొద్దున తొమ్మిది దాటాక, నేను కుక్కర్ మూత పెడుతుండగా ఫోను మోగింది. మళ్ళీ నాయుడే. ఈసారి దిద్దమని అడగలేదు. ఒకటే వాక్యం పంపాడు.

"ఐ చెక్డ్ ద బ్రేక్."

ఒక్క తప్పూ లేదు.